చర్చి శిఖరం మీద చూపు

ఇన్వర్‌మార్న్ ఊళ్లో గ్రెగర్ మచ్ పేరు ఒకే ఒక్కచోట రాసి ఉంది. ఆటల కమిటీ డేరాలో వేలాడే చెక్క బోర్డు మీద, తెల్ల రంగుతో: హ్యామర్ విసురు, ఇరవై రెండు పౌండ్లు, తొంభై ఎనిమిది అడుగుల నాలుగు అంగుళాలు, 1949. ఏటా ఆగస్టులో ఊరి ఆటల పోటీలకి డేరా వెయ్యగానే జనమంతా టీకీ వేడి వేడి మాంసం కూరిన రొట్టెలకీ ఎగబడితే, గ్రెగర్ మాత్రం ముందు ఆ బోర్డు దగ్గరికి వెళ్లి తన పేరు ఉందో లేదో చూసుకుంటాడు. అది ఎక్కడికి పోతుంది? అయినా చూసుకుంటాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. వడ్రంగి పని అతనిది. వడ్రంగి చేసిన కుర్చీలో అందరూ కూర్చుంటారు గానీ చేసినవాడి పేరు ఎవడూ అడగడు. అతన్ని అప్పుడే తిట్టుకోకండి, తిట్టుకోవలసింది ముందుంది.

ఇరవయ్యేళ్లు ఆ అంకె జోలికి ఎవడూ రాలేదు. ఆ పోటీ ఊరివాళ్లకే. ఊరి పొలిమేర లోపల కాపురం ఉన్నవాడే ఆ హ్యామర్ పట్టాలి. గొర్రెల కాపరులూ రొట్టెలవాడూ కలిపి అయిదారుగురు, ఎవడికి తోచినట్టు వాడు విసిరేవాళ్లు. అప్పుడు గ్రెగర్ చెల్లెలు మోరాగ్ కొడుకు స్ట్రూవన్ వచ్చాడు. ఇళ్ల కప్పులకి పలకరాళ్లు పరిచే పని అతనిది. ఇరవై రెండేళ్లు, తలుపు పట్టనంత మనిషి.

“మావయ్యా, నాకు హ్యామర్ నేర్పవూ?” అన్నాడు.

గ్రెగర్ పొంగిపోయాడు. ఆ పొంగు నిజమైనదే, అందులో కల్తీ లేదు. తన పాత బూట్లు ఇచ్చాడు. వాటి ముందు బెత్తెడు ఇనుప రేకు పొడుచుకొచ్చి ఉంటుంది, దాన్ని నేలలోకి దిగ్గొట్టి నిలబడాలి. విసరబోయే మైదానానికి వీపు పెట్టాలి. పొడవాటి పేము కర్ర, దాని చివర ఇనుప గుండు. దాన్ని తల చుట్టూ నాలుగుసార్లు తిప్పి ఎడమ భుజం మీదుగా వెనక్కి వదలాలి. పాదం మాత్రం కదలకూడదు. “చేతులు తాళ్లనుకో, వంచకు. బలం నడుములోంచి రావాలి. గుండు ఇటు లాగితే నడుము అటు పోవాలి. తొందరపడ్డావా, చచ్చావన్నమాటే” అంటూ పొద్దునా సాయంత్రమూ వెంటపడి నేర్పాడు. పట్టు జారకుండా అరచేతులకి గుగ్గిలం ఎంత రాయాలో కూడా చూపించాడు.

మూడో నెలలోనే స్ట్రూవన్ ఎనభై అయిదడుగులు విసిరాడు. గ్రెగర్ భుజం తట్టి “శభాష్‌రా” అన్నాడు. ఇంటికి వెళ్లి రొట్టె ముందు కూర్చుని, తినడం మాని లెక్కలు కట్టాడు. మూడు నెలలకే ఎనభై అయిదైతే మూడేళ్లకి ఎంత?

మర్నాడు ఇలా చెప్పాడు: “ఒరేయ్, నీ తల ఊగుతోంది. ఎదురుగా చర్చి శిఖరం ఉందా? దాని మీంచి చూపు తిప్పకు. మెడ కదిలిందో, పని అయిపోయినట్టే.”

వినడానికి ఎంత బాగుంది! ఆదివారం పాస్టరుగారు చెప్పినట్టే ఉంది. అసలు సంగతి దానికి సరిగ్గా వ్యతిరేకం. గుండు తల వెనక తిరిగి కుడిపక్కకి దిగుతుంటే, తలా భుజాలూ కుడికి తిప్పి, దానికి ఎదురెళ్లి అందుకోవాలి. ఎంత ముందుగా అందుకుంటే అంత ఎక్కువసేపు లాగొచ్చు. గ్రెగర్ 1949లో విసిరింది అలాగే. కానీ జనం గుండు పడేచోటు చూస్తారు గానీ విసిరేవాడి మెడ ఎవడు చూస్తాడు? శిఖరం మీద చూపు నిలిపినవాడి భుజాలు బిగుసుకుపోతాయి. పదడుగులు గాలిలో కలిసిపోతాయి. తొంభై తొమ్మిది నిజాల మధ్య ఒక్క అబద్ధం, బియ్యంలో తెల్లరాయిలా, ఏరేవాడి కంటికి కనపడదు.

అయినా స్ట్రూవన్ ఏటేటా పెరిగాడు. పోయినేడు తొంభై అయిదు. ఈ ఏడు అక్టోబరులో అతని పెళ్లి. పిల్ల పక్క లోయలో గొర్రెల రైతుకి ఒక్కతే కూతురు, కాపురం అక్కడే. పొలిమేర దాటినవాడికి ఇక ఊరి హ్యామర్ ముట్టుకునే హక్కు లేదు.

“ఇల్లరికపుటల్లుడికి ఇదే ఆఖరటగా!” అన్నాడు ఆటల రోజున కమ్మరి వాటీ రానీ. 1949లో గ్రెగర్ చేతిలో ఓడినవాడు. అప్పట్నుంచీ నోటితో పగ తీర్చుకుంటున్నాడు.

“ఆఖరైతేనేం? ఇవాళ ఆ బోర్డు మీద పేరు మారుద్ది చూడు,” అన్నాడు స్ట్రూవన్.

“మారుద్ది, మీ మావయ్య మారనిస్తే. ఒరే పిచ్చోడా, తన పేరు చెరపమని ఎవడన్నా తడిగుడ్డ చేతికిస్తాడా? ఆఖరు విసురు ముందు ఏదో ఒకటి చెవిలో ఊది నిన్ను చెడగొట్టకపోతే నన్నడుగు.”

స్ట్రూవన్ మొహం ఎర్రబడింది. “వాటీ తాతా, పెద్దోడివని ఊరుకుంటున్నా. ఇంకోమాట అన్నావంటే ఆ గడ్డం పీకుతా. నాకు నాన్న లేడు. ఉన్నది ఆయనే.”

నాలుగడుగుల దూరంలో గుగ్గిలం డబ్బా మూత తీస్తున్న గ్రెగర్ అంతా విన్నాడు. మూత చేతిలోంచి జారి గడ్డిలో పడింది.

మూడు విసుర్లలో మొదటిది తొంభై ఆరు. రెండోది తొంభై ఏడున్నర. జనం కంచె మీదికి ఒరిగారు. బ్యాగ్‌పైపులవాళ్లు కూడా వాయించడం ఆపి చూస్తున్నారు. స్ట్రూవన్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

“ఎక్కడ తప్పు పోతోంది మావయ్యా? శిఖరం మీంచి చూపు వెంట్రుకవాసి కూడా తిప్పలేదు, ఒట్టు.”

ఆ ఒట్టు గ్రెగర్ గుండెల్లో దిగబడింది. మెడ కట్టేసినా వీడు ఇంత దూరం వచ్చాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఇన్నాళ్లూ తను కాపలా కాసింది ఒక చెక్కముక్కకి.

“ఒరేయ్,” గొంతు తగ్గించాడు. “ఈసారి శిఖరం వైపు చూడకు. గుండు కుడిపక్కకి దిగుతుంటే మెడ తిప్పి దాన్నే చూడు. భుజాలు కూడా తిప్పు. ఎదురెళ్లి అందుకో.”

తువ్వాలు ఆగిపోయింది. “ఏంటీ?”

“చెప్పింది చెయ్యి. పదడుగులు ఎక్కువ పోద్ది.”

“నాలుగేళ్లు మెడ తిప్పకురా అన్నావు. ఇప్పుడు, ఆఖరు విసురుకి, తిప్పమంటున్నావా?”

అతని చూపు గ్రెగర్‌ని దాటి వాటీ రానీ వైపు వెళ్లింది. వాటీ పెదవి విరిచాడు. స్ట్రూవన్ వెళ్లి బూట్లు నేలలోకి దిగ్గొట్టాడు. నాలుగు తిప్పులూ శిఖరం మీదే చూపు నిలిపి విసిరాడు. కొలిచేవాళ్లు మేకు పాతి, టేపు లాగి అరిచారు: తొంభై ఎనిమిది అడుగుల ఒక అంగుళం.

మూడంగుళాలు తక్కువ. జనం “అయ్యో” అన్నారు. కమిటీ పెద్ద పరుగున వచ్చి గ్రెగర్ చెయ్యి పట్టి ఊపేస్తూ, “ఇంకో పాతికేళ్లు నీకు ఢోకా లేదు పో!” అన్నాడు. గ్రెగర్ చెయ్యి లాక్కున్నాడు.

స్ట్రూవన్ డేరా వెనక బూట్ల తాళ్లు విప్పుకుంటున్నాడు. ఎదురుగా నిలబడ్డ మావయ్యని తలెత్తి చూడలేదు.

“ఆ ముసలోడు నిన్ను అంటే కొట్టబోయాను,” అన్నాడు. “అడిగుంటే నేనే మానేసేవాణ్ణి మావయ్యా. నీ పేరు నీకే ఉంచేవాణ్ణి. ఒక్కమాట అడగాల్సింది.”

మానేసేవాడే. అది గ్రెగర్‌కి తెలుసు. అందుకే ఇక దాచడం అతని వల్ల కాలేదు.

“ఇవాళ చెప్పిందే నిజంరా. నాలుగేళ్లూ చెప్పింది అబద్ధం. శిఖరం సంగతి నేనే కల్పించాను, నువ్వు నన్ను దాటకూడదని.” వాడు కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

స్ట్రూవన్ తలెత్తి అతని మొహంలోకి చూశాడు. తరవాత తాళ్లు మళ్లీ బిగించి, ఖాళీ అవుతున్న మైదానంలోకి నడిచి హ్యామర్ అందుకున్నాడు. ఈసారి మెడ కుడికి తిప్పాడు, భుజాలు తిప్పాడు. నాలుగేళ్లు ఒకలా అలవాటైన ఒళ్లు ఒక్కసారికి ఎలా మాట వింటుంది? కాలి పట్టు తప్పింది. గుండు పక్కకి కొట్టుకుపోయి, అరవై అడుగులైనా వెళ్లకుండా, టీ డేరా తాళ్ల దగ్గర పడింది. కప్పులు కడుగుతున్న ఆడవాళ్లు కెవ్వుమన్నారు.

“మొదటిసారి అలాగే ఉంటుందిరా,” గ్రెగర్ రొప్పుతూ వచ్చాడు. “ఇంకొక్కసారి విసురు. పోనీ ఒక్క వారం నా దగ్గరికి రా, అలవాటైతే నువ్వే చూస్తావు...”

స్ట్రూవన్ అరచేతుల్లోని గుగ్గిలాన్ని మోకాళ్ల దాకా ఉన్న గళ్ల కిల్టుకి తుడుచుకున్నాడు. అతని గొంతులో కోపం కూడా లేదు.

“ఇప్పుడు కూడా అబద్ధమేనా మావయ్యా?” అన్నాడు.