కుంకుమ బొట్టు కింద తేదీ

నేను ఒక బీమా పత్రాన్ని. డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్లు నాలాంటి వాటిని కళ్లజోడు పెట్టుకుని మరీ చదువుతారు. నేను కొత్త కారుతో ఉచితంగా వచ్చాను కాబట్టి నన్ను చదవాలని ఎవరికీ తోచలేదు.

నేను పుట్టింది శ్రీకాకుళంలో ఒక కార్ల షోరూములో. ప్రింటరు వేడి ఆరకముందే అక్కడి సేల్స్ మేనేజరు నన్ను మెరిసే ఫైల్లో పెట్టి కామేశ్వరరావు చేతికిచ్చాడు. "మూడేళ్ల ఇన్సూరెన్సు ఫ్రీ సార్, ఇక నిశ్చింతగా ఉండండి" అన్నాడు. అది అబద్ధమని అనలేను. నాలో రెండు గడువులున్నాయి. కారు ఎవరినైనా గుద్దితే వాళ్లకిచ్చే పరిహారానికి మూడేళ్లు. కారుకే ఏమైనా అయితే దానికి ఒక్క ఏడాది. ఆయన మొదటిది చెప్పి రెండోది మింగేశాడు. వేరే షోరూమువాళ్లు ధర తగ్గిస్తామన్నా, ఈ ఉచితం కోసమే కామేశ్వరరావు ఇక్కడికొచ్చాడు. నా ఖరీదు కారు ధరలోనే దాక్కుని ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, షోరూముకు తెలుసు.

కామేశ్వరరావు పలాసలో జీడిపప్పు కార్ఖానా సూపర్‌వైజరు. గుండు పప్పులో నాలుగు బద్దలు కలిసినా డబ్బా వెనక్కి పంపే మనిషి, నాలోని రెండు వరసలు చదవలేదు. మరీ తప్పుపట్టను. ఆ రోజు అతని మనసంతా అన్న ఢిల్లేశ్వరరావు మీదే ఉంది. ఉద్దానంలో ఎంతోమందికి వచ్చిన కిడ్నీ జబ్బే అన్నకూ వచ్చింది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి ఊళ్లోంచి బస్సులో వెళ్లివచ్చేవాడు. తిరుగు ప్రయాణంలో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాడు. రెండోసారి పడిన వారానికే తమ్ముడు కారు కొన్నాడు.

అమ్మవారి గుడి ముందు కారుకి పూజ చేశారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. అన్న భార్య నీలవేణి నన్ను ముందుకు చాపి, "కాయితానికి కూడా బొట్టెట్టండి పంతులుగారూ, అంతా సల్లగుండాల" అంది. పంతులుగారు కుంకుమ తడిపి నిండుగా పెట్టారు. అది సరిగ్గా రెండో గడువు మీద పడింది. అమ్మవారి బొట్టు చెరిగిపోకూడదని మర్నాడే కామేశ్వరరావు నన్ను లామినేషన్ చేయించాడు. ఆ తేదీని ఇక గోటితో గీకినా బయటికి తీయలేరు.

ఏడాది హాయిగా గడిచింది. డయాలసిస్ అయ్యాక అన్న వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకునేవాడు. డాష్‌బోర్డు అరలో పడుకుని నేనాయన గురక వినేదాన్ని. ఆ గురక నాకెంతో ఇష్టం.

గడువు దగ్గరపడుతుంటే బీమా కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. కామేశ్వరరావు కారు పక్కకాపి, "మూడేళ్లకున్న ఇన్సూరెన్సుకి మల్లీ డబ్బులేటమ్మా? మోసం సెయ్యడానికి నానే దొరికేనేటి?" అని కసిరి పెట్టేశాడు. వెనక్కి తిరిగి, "సూసేవా అన్నియ్యా, నాను కాబట్టి సరిపోయింది" అన్నాడు. "నువ్వు తెలివైనోడివిరా" అన్నాడు అన్న. నోరుంటే అరలోంచి అరిచేదాన్ని.

గడువు దాటిన ముప్పై ఎనిమిదో రోజున తుఫాను వచ్చింది. పెరట్లో కొబ్బరిచెట్టు వేళ్లతో సహా లేచి కారు మీద పడింది. పైకప్పు సీట్లకు ఆనుకుంది. అప్పటికీ కామేశ్వరరావు ధైర్యంగానే ఉన్నాడు. తలుపు సందులోంచి చెయ్యి దూర్చి నన్ను బయటికి లాగి, లుంగీ అంచుతో తుడిచి, బీమా ఆఫీసుకి తీసుకెళ్లాడు.

అక్కడి అధికారి కంప్యూటర్లో నా నంబరు చూసి, తర్వాత నన్ను కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. బొట్టు కింద తేదీ లీలగా కనిపించింది.

"ఇది అయిపోయిందండీ. మీ కారు ఎవరినైనా గుద్ది ఉంటే వాళ్లకి ఇచ్చేవాళ్లం."

"నా కారు ఎవుల్నీ గుద్దనేదు సార్. సెట్టే ఒచ్చి మీద పడిపోనాది."

"అందుకే రాదండీ."

"మరి ముందుగా ఒక్క ఫోనైనా సెయ్యకూడదేటి?"

"చేశాం కదండీ. మీరే కసిరేశారట, ఇక్కడ రాసి ఉంది."

కామేశ్వరరావు నన్ను చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. నాకతని మీద జాలేసింది.

కారు అప్పు ఇంకా తీరలేదు, బాగుచేయించే స్తోమతు లేదు. దాని మీద టార్పాలిన్ కప్పారు. నన్ను అరుగు మీద పడేశారు. గట్టిగా ఉంది, పనికొస్తుందని నీలవేణి సంచిలో వేసుకుంది.

సోమవారం ముగ్గురూ డయాలసిస్‌కి బస్సులో వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు ఎవరో లేచి అన్నకి సీటిచ్చారు. ఆయనకి చెమటలు పోస్తుంటే నీలవేణి నన్ను బయటికి తీసి గాలి విసరసాగింది. కాసేపటికి ఆయన కళ్లు తెరిచాడు.

"ఏటే అది?"

"కారు కాయితం."

"అమ్మోరి బొట్టు సెరిగిపోనేదు గదా?"

"నేదు. అలగే ఉంది."

పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డ కామేశ్వరరావు ముఖం అవతలికి తిప్పుకున్నాడు. అన్న తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. నీలవేణి ఊరొచ్చేదాకా నాతో విసురుతూనే ఉంది.