తేరుకోని నీళ్ళు

పైపు కొసని నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చింది. నీళ్ళు పెదవుల దాకా రాగానే వేలు అడ్డం పెట్టి పైపుని బకెట్లోకి వంచాలి. అర క్షణం ఆలస్యమైతే చేపల నీళ్ళు గొంతులోకి పోతాయి. ఈ ఏడేళ్ళలో ఎన్నిసార్లు మింగిందో ఆమెకే తెలీదు. పాచి వాసన, వెనకాల కాస్త ఇనుము రుచి. బకెట్టు నిండుతుంటే, పైపు రెండో కొసని అక్వేరియం అడుగున గులకరాళ్ళ మధ్య గుచ్చి మురికి లాగుతోంది.

"మళ్ళీ మొదలెట్టావా?" అన్నాడు భర్త, తడి తగలకుండా కాళ్ళు సోఫా మీదికి ఎత్తుకుంటూ. "ఆదివారం పూటైనా మనుషుల మొహాలు చూడకూడదూ?"

మనుషుల మొహాలు ఆమె చూస్తూనే ఉంది. పొద్దున ఆరింటికి అత్తగారికి ఇన్సులిన్ సూది వేస్తూ చూసింది. కూతురి జుట్టు చిక్కు తీస్తూ అద్దంలో చూసింది. కాఫీ అందిస్తూ, పేపరు పక్కకి జరిగినప్పుడు భర్త మొహం సగం చూసింది. ఆ మొహాలేవీ ఆమెని చూడలేదన్నది వేరే సంగతి.

అక్వేరియం కూతురి ఆరో పుట్టినరోజుకి వచ్చింది. రెండడుగుల గాజు పెట్టె, నాలుగు ఎర్ర చేపలు. పిల్ల సరదా పది రోజులు. పదకొండో రోజు మేత వేసింది ఆమే. ఆ ఇంట్లో ఎవరి సరదా అయినా పదకొండో రోజుకి ఆమె పని అయిపోతుంది. ఒళ్ళు తగ్గించుకుంటానని భర్త కొన్న సైకిలు దుమ్ము తుడిచేది ఆమె. అత్తగారు ముచ్చటపడి తెప్పించుకున్న కుండీలకి నీళ్ళు పోసేది ఆమె. చేపలూ అలాగే ఆమె లెక్కలోకి వచ్చిపడ్డాయి. మొదట్లో విసుక్కుంటూనే చేసింది. ఒకరోజు నీళ్ళు మారుస్తూ, ఊరికే, ఎడమ మూలనున్న నల్లరాయిని కుడివైపుకి జరిపింది. సాయంత్రం ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చి చూస్తే రాయి పెట్టిన చోటే ఉంది. మర్నాడూ అక్కడే ఉంది.

చిన్న విషయమే. కానీ ఆ ఇంట్లో ఆమె కుర్చీ జరిపితే సాయంత్రానికి కుర్చీ తన పాత చోటికి నడిచి వెళ్ళిపోయేది. కర్టెన్ మారిస్తే "పాతదే బాగుందే" అని అత్తగారి గొంతు వినిపించేది. పప్పుల డబ్బాలు ఏ వరుసలో ఉండాలో ఆమె పెళ్ళికి పాతికేళ్ళ ముందే ఖాయమైపోయింది. నల్లరాయి జోలికి మాత్రం ఎవరూ రాలేదు.

ఆ తర్వాత ఆమె ఆగలేదు. ప్లాస్టిక్ మొక్కలు తీసేసి నిజం మొక్కలు పెట్టింది. మొక్కలకి వెలుతురు చాలదని పెద్ద లైటు తెచ్చింది. వెలుతురుకి నాచు పెరుగుతోందని నాచు తినే నత్తల్ని తెచ్చింది. నత్తలు ఎక్కువై, వాటిని తినే చేపల్ని తెచ్చింది. రెండడుగులది పోయి మూడడుగులది వచ్చింది. ఎప్పుడైనా అన్నీ కుదురుకుని, నీళ్ళు అద్దంలా తేరుకుని, సన్నటి నీలిగీత చేపలు గుంపుగా ఇటు నుంచి అటు తిరిగే రోజు వచ్చేదా, ఒక గంట తృప్తిగా చూసేది. రెండో గంటకి చేతులు దురద పెట్టేవి. ఆ మొక్క అక్కడ కాదు, ఇక్కడుండాలి. ఈ ఫిల్టరు చప్పుడెక్కువ.

"నీళ్ళకి కాస్త టైమివ్వండమ్మా," అనేవాడు చేపల షాపు పెద్దాయన. "మీరు బాగా చూసుకుంటారు. అదే చిక్కు. వదిలేస్తే వాటంతటవే బతుకుతాయి."

ఇంటికి ఎవరొచ్చినా భర్త అక్వేరియం చూపించేవాడు. "వచ్చే జన్మంటూ ఉంటే మా ఆవిడ తొట్టెలో చేపనై పుడతానండీ. ఆ సేవ నాకెక్కడ దొరుకుతుంది?" అనేవాడు. అందరూ నవ్వేవారు. వాళ్ళకి టీ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వేది.

ఆమె ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పధ్నాలుగేళ్ళ సర్వీసు. రెండేళ్ళుగా ఇన్‌ఛార్జి కుర్చీ ఖాళీగా ఉంది. డ్యూటీలు వేసేది ఆమె, మిషన్లు మొరాయిస్తే మెకానిక్కుతో పోట్లాడేది ఆమె, తప్పు రిపోర్టు వెళ్తే చీవాట్లు తినేది కూడా ఆమె. కుర్చీలో మాత్రం కూర్చోలేదు. దానికి మూడు నెలల ట్రైనింగు కావాలి, వేరే ఊళ్ళో, హాస్టల్లో ఉండి. రెండుసార్లు అవకాశం వచ్చింది, రెండుసార్లూ "ఇంట్లో అడిగి చెప్తాను" అని ఇంట్లో అడగనే లేదు. మూడోసారి ల్యాబ్ డాక్టరమ్మ ఆమెని గదిలోకి పిలిచి తలుపేసింది.

"నేను ఏడాదిలో రిటైరవుతున్నాను. ఈసారి నీ పేరే పంపిస్తున్నా. ఇంట్లో అడగడం కాదు, చెప్పు. తెలిసిందా?"

ఆ సాయంత్రం బస్సులో ఆమె మాటలు కూర్చుకుంది. ఆయన ఇలా అంటే నేనిలా అనాలి. అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కరగకూడదు. యుద్ధానికి వెళ్తున్నట్టు ఇల్లు చేరింది. తీరా చెప్తే భర్త టీవీలోంచి తల తిప్పి, "వెళ్ళు," అన్నాడు.

ఆమె తెల్లబోయింది.

"అలా చూస్తావేం? నేనెప్పుడైనా వద్దన్నానా? నేనా టైపు మనిషిని కాదు."

"మరి ఇల్లూ..."

"అదే. ఇల్లు చూసుకుని వెళ్ళు."

అత్తగారు కూడా అడ్డు చెప్పలేదు. "వెళ్ళవే తల్లీ. నాదేముంది, ఉంటే ఉంటాను, పోతే పోతాను. సూది మాత్రం నీ చేత్తో వేస్తే నొప్పి తెలీదు. ఇంకెవరు గుచ్చినా ప్రాణం పోతుంది," అంది.

ఇల్లు చూసుకోవడానికి ఆమెకి నెల పట్టింది. వంటకి ఒకామెను కుదిర్చి, ఈ ఇంట్లో ఎవరికి ఉప్పు తక్కువో ఎవరికి కారం పడదో పక్కన నిలబడి నేర్పింది. కింది వాటాలో ఉండే నర్సును బతిమాలి పొద్దునా సాయంత్రం సూదికి ఒప్పించింది. మిగతాదంతా ఒక పెద్ద కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించింది. గ్యాసు ఎప్పుడు బుక్ చెయ్యాలి, కూతురి స్కూలు బూట్లకి ఏ రోజు పాలిష్, అత్తగారి ఏ మాత్ర పరగడుపున. కాగితం రెండు వైపులా నిండిపోయింది. పదిహేనేళ్ళుగా తను చేస్తున్న పనంతా ఒకచోట రాసి ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు. భర్త వచ్చి పైనుంచి కింది దాకా చదివి, "ఇంతేనా? ఇంకా ఎంతో అనుకున్నాను," అన్నాడు.

ఇక మిగిలింది అక్వేరియం.

"అది మాత్రం నా వల్ల కాదు," అన్నాడు భర్త. "నీ పిచ్చి, నువ్వే చూసుకో." కూతురు ముక్కు మూసుకుంది. "నాకు ఆ వాసన పడదమ్మా." ఆమె చేపల షాపుకి వెళ్ళింది.

"ఇప్పుడున్నది ఉన్నట్టే వదిలేసి వెళ్ళండి," అన్నాడు పెద్దాయన. "చక్కగా తేరుకున్న నీళ్ళు. మేత వేసే మిషనొకటి ఇస్తాను, టైముకి అదే వేస్తుంది. నెలకోసారి నేను వచ్చి నీళ్ళు మార్చి, మిషన్లో మేత నింపిపోతాను. ఒక్క మాట, వెళ్ళేలోపు మీరింక దేన్నీ ముట్టుకోకండి."

ఆమె మిషను తెచ్చుకుంది. దాంతోపాటు, ఆయన వద్దంటున్నా, ఓ పెద్ద ఫిల్టరూ రెండు సంచుల కొత్త మట్టీ తెచ్చుకుంది. మూడు నెలలు కదా, గట్టి ఫిల్టరుంటే మంచిది కదా అనుకుంది. ప్రయాణానికి ఎనిమిది రోజులుండగా పాత ఫిల్టరు తీసేసింది, దాని స్పాంజిని కుళాయి కింద పిండి పిండి కడిగింది, అడుగున గులకరాళ్ళ కింది మట్టంతా మార్చేసింది. అన్నీ ఒకే రోజు.

తెలియక చేసిన పని కాదు. నీళ్ళని బాగుచేసే సూక్ష్మజీవులు ఆ స్పాంజిలోనే, ఆ పాత మట్టిలోనే ఉంటాయి. రెండింటినీ ఒకేసారి తీసేస్తే చేపలు తమ మలినాల విషంలో తామే మునుగుతాయి. రోజూ మైక్రోస్కోపులో సూక్ష్మజీవుల్ని చూసే మనిషికి అది ఎవరూ చెప్పక్కర్లేదు. చేతులు పని చేస్తూనే ఉన్నాయి, తల పక్కన నిలబడి చూస్తూనే ఉంది.

మూడో రోజుకి నీళ్ళు బియ్యం కడిగినట్టయ్యాయి. నాలుగో రోజు నీలిగీత చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచి గాలి కోసం కొట్టుకున్నాయి. ఐదో రోజు చచ్చిన ఏడింటిని చేతి వలతో తీసి కాగితంలో చుట్టింది. సూట్‌కేసు మంచం మీద సగం సర్ది ఉంది. డాక్టరమ్మకి ఫోన్ చేసి, ట్రైనింగుకి వెళ్ళలేనంది.

"ఇంట్లో ఒప్పుకోలేదా?" అంది డాక్టరమ్మ, వినగానే.

అవునంటే సరిపోయేది. ఆ అబద్ధాన్ని ఎవరైనా నమ్ముతారు, జాలి కూడా పడతారు.

"ఒప్పుకున్నారు మేడమ్."

"మరి?"

"చేపలు చచ్చిపోతున్నాయి మేడమ్. ఇలా వదిలేసి వెళ్ళలేను."

"సరేనమ్మా," అంది డాక్టరమ్మ. "చిట్టిని పంపిస్తాను." చిట్టి అంటే తన చేతి కిందే పని నేర్చుకున్న పిల్ల. పొట్టిగా ఉంటుందని ల్యాబ్‌లో అందరూ అలా పిలుస్తారు.

ఆ తర్వాత చాలా రోజులు, టెస్టు ట్యూబులు వరుసగా పేరుస్తూ, ఆమె తనని తాను అడిగింది. దేనికి భయపడ్డాను? హాస్టల్ గదికా? ఒక మంచం, ఒక బల్ల, ఎవరూ పిలవని సాయంత్రాలు. ఆ సాయంత్రాల్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? పైగా, తను లేకుండా ఇల్లు గడవకపోతే తిరిగొచ్చి ఆ మాటలు పడాలి. గడిచిపోతే? ఫ్రిజ్ మీద కాగితంతో, ఎవరో వంటామెతో, నర్సుతో మూడు నెలలు హాయిగా గడిచిపోతే, ఈ పదిహేనేళ్ళూ ఏమిటి? జవాబు దొరికినా దానితో చేసేదేమీ లేదని ఆమెకి అర్థమైంది. మనిషిని ఆపడానికి మొదట్లో వద్దనేవాళ్ళు కావాలి. ఇప్పుడు ఎవరూ అక్కర్లేదు, ఆ పని కూడా తనే నేర్చేసుకుంది.

వంటామెను భర్త మాన్పించేశాడు, "నువ్వున్నావుగా" అని. నర్సు రావడం మానేసింది. నీళ్ళు తేరుకోవడానికి ఇరవై రోజులు పట్టింది. అప్పటికి నాలుగు చేపలు మిగిలాయి.

వచ్చినవాళ్ళకి భర్త చెప్పేవాడు. "నేను వెళ్ళమనే అన్నానండీ. అమ్మా వెళ్ళమనే అంది. తనే ఉండిపోయింది." అందులో ఒక్క అబద్ధం లేదు. చెయ్యి పట్టుకుని ఆపినవాడి మీద పడి ఏడవచ్చు. తలుపు తీసి పట్టుకుని నిలబడ్డవాడి మీద ఏమని ఏడవాలి?

మూడు నెలలకి చిట్టి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. మంచి పిల్ల, గర్వం లేదు. "అక్కా, ఈ ఆదివారం డ్యూటీ మీకు పడింది, ఏమీ అనుకోకండి," అని దగ్గరికొచ్చి చెప్పింది. డ్యూటీ చార్టు గీతలు వంకరగా ఉన్నాయి. ఆమె స్కేలు తీసుకుని సరిచేసి ఇచ్చింది.

ఓ శనివారం సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి వీధి తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. హాల్లో నలుగురు మనుషులు ఆయాసపడుతూ ఒక గాజు తొట్టెని కింద పెడుతున్నారు. ఆరడుగుల పొడవు. కిటికీ పక్కన ఆమె పుస్తకాలూ, చిట్టి ఇచ్చిన ట్రైనింగు నోట్సూ పెట్టుకునే బల్ల అక్కడ లేదు. బాల్కనీలో, బట్టల తీగ కింద ఉంది.

"ఎలా ఉంది?" అన్నాడు భర్త. మొహం వెలిగిపోతోంది. "నీకే. మా కోసం అంత అవకాశం వదులుకున్నావు. ఆ మాత్రం మాకు తెలీదనుకున్నావా?"

అత్తగారు కళ్ళు తుడుచుకుంది. కూతురు చప్పట్లు కొట్టింది.

ఆమె గుమ్మంలోనే, చెప్పులు విడవకుండా నిలబడిపోయింది. కోపం రావాలి. వస్తుందేమోనని ఆగింది. బాల్కనీలోని బల్ల వైపు చూసింది, వస్తుందేమోనని. రాలేదు. కళ్ళు వాటంతటవే గాజు వెంట నడిచాయి. వెనక వరుసలో పొడుగు మొక్కలు, కుడి మూల ఎత్తుగా రాళ్ళు, మధ్యలో ఖాళీ. ఒక ఫిల్టరు చాలదు, రెండు కావాలి. నీలిగీత చేపలు ఇందులో యాభై పడతాయి. గుండె దడదడ కొట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో కూడా అలా కొట్టుకున్న గుర్తు లేదు.

ఫోను తీసి చిట్టికి చేసింది. రెండు రోజులు సెలవు కావాలంది. ఇన్నేళ్ళలో పిల్ల జ్వరానికో అత్తగారి ఆస్పత్రికో తప్ప ఆమె సెలవు అడిగి ఎరగదు.

"ఏంటక్కా, ఒంట్లో బాగాలేదా?" అంది చిట్టి కంగారుగా.

"బాగుంది," అంది ఆమె. "చాలా బాగుంది."

ఆ మాటలో ఎక్కడా అబద్ధం లేదు.