బైపాస్ వాల్వు

పైపు మరల మీద తెల్ల టేపు చుట్టి, పళ్లతో తెంపి, రెంచితో బిగించాడు ఫిట్టర్. ఇనుప కుర్చీలకు రంగు కొట్టే షెడ్డు అది. కంప్రెసర్ గాలిలో చెమ్మ చేరి రంగు పొక్కులు లేస్తోందని, గాలిని ఆరబెట్టే డ్రయ్యర్ తెప్పించారు. బీరువా అంత ఉంది. బిగించే లోపు పని ఆగకుండా, గాలిని పక్కనుంచి మళ్లించే బైపాస్ వాల్వు తెరిచి ఉంచాడు.

ఫోను మోగింది. భార్య.

"మా అక్క కారు తెచ్చింది. చీకటి పడేలోపు బయల్దేరదామంటోంది. మీరు ఉండమంటే ఉండిపోతా. ఫోన్లో కాదు, ఇంటికొచ్చి చెప్పండి."

"వస్తాలే."

"ఎన్ని వస్తాలేలు విన్నానో."

రంగుల మేస్త్రి నవ్వాడు. "ఇంట్లో ప్రెషరు పెరిగినట్టుందే అన్నా?"

"మామూలే."

కూతురు పుట్టినప్పుడూ, మామగారు పోయినప్పుడూ అతను ఎక్కడో ఒకచోట పైపులు బిగిస్తూనే ఉన్నాడు. భార్య మొదట్లో ఏడ్చేది. తర్వాత పోట్లాడేది. ఈమధ్య ఏమీ అనడం లేదు. ఇల్లు సద్దుమణిగిందని అతను అనుకున్నాడు.

డ్రయ్యర్ సన్నగా గురక పెట్టింది. ప్రెషర్ మీటరు ముల్లు నిలకడగా ఉంది. సంచి సర్దుకుని బస్సెక్కాడు.

సగం దారిలో గుర్తొచ్చింది. బైపాస్ మూయలేదు. డ్రయ్యర్ తిరుగుతూనే ఉంటుంది, తడిగాలి పక్కనుంచి పోతూనే ఉంటుంది. మేస్త్రికి చెబితే పిడి తిప్పేస్తాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తను బిగించినదాని మీద ఇంకొకరి చెయ్యి పడితే అతనికి మొదటినుంచీ గిట్టదు. దిగి, వెనక్కి వెళ్లే బస్సెక్కాడు.

"దీనికోసం ఇంత దూరం వచ్చావా? ఒక్క మాట చెబితే నేనే మూసేవాణ్ణిగా," అన్నాడు మేస్త్రి.

"నా పని కదా."

పిడి అడ్డంగా తిప్పాడు. గాలి గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టి చూసుకున్నాడు. చెమ్మ లేదు.

ఇల్లు చేరేసరికి వీధిదీపాలు వెలిగాయి. పక్కింటి పెద్దావిడ తాళంచెవి అందించింది.

"మీ ఆవిడ వీధి మొగదాకా పదిసార్లు వెళ్లి చూసొచ్చింది నాయనా. ఇందాకే వెళ్లిపోయారు."

"సరేనండీ."

లైటు వేశాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. చీరలుండే అర ఖాళీగా ఉంది. కాళ్లు కడుక్కుని వంటింట్లోకి వెళ్లాడు. గట్టు మీద ఫ్లాస్కు ఉంది. మూత తిప్పితే పొగలు వచ్చాయి. టీ అంచుదాకా ఉంది. పక్కన రెండు గ్లాసులు బోర్లించి ఉన్నాయి.