దిఖౌ రేవులో తెడ్లు ఆగిన రోజు

పడవ అంచు పట్టుకుని వేలాడుతున్న ఆడమనిషి చేతిమీద ఫుకన్ కత్తి దించాడు. నేను చూశాను. ఆమె అరవలేదు. దిఖౌ నది నీళ్ళలోకి జారిపోయింది.

ఫుకన్ మా పడవల మీద అధికారి. మేం పైకులం, రాజుకు వెట్టి చేసేవాళ్ళం. వెనక మా రాజు కోటనగరం రంగ్‌పూర్ తగలబడుతోంది. కొలువు పెద్దలు కొట్టుకున్నారు. ఓడినవాడు వెళ్ళి బర్మా సేనను తోడు తెచ్చుకున్నాడు. అడ్డం నిలవడానికి మనుషులేరీ? తిరగబడ్డ పైకుల్ని రాజు ముందే ఊళ్ళకు ఊళ్ళు నరికించాడు.

ఒడ్డున జనం. పడవల నిండా ఫుకన్ సొత్తు: ఏనుగు దంతాలు, పట్టుమూటలు.

"తొయ్యండ్రా," అన్నాడు.

మాలో పెద్దవాడు భోదాయ్ తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాడు. "మూటలు దించండి దొరా. మనుషుల్ని ఎక్కిద్దాం."

"బర్మావాళ్ళొస్తే నీ తల తీస్తారు."

"మా అన్నల తలలు మీరే తీశారు. వాళ్ళు కొత్తగా తీసేదేముంది?"

నాకు భయమేసింది. "ఇప్పుడా తగువు, అన్నా? ముందు దాటుదాం."

"దాటి అక్కడా ఈయనకే వెట్టి చేద్దువుగాని. ఒడ్డున మీ అమ్మ లేదంట్రా?"

ఉంది. తల దించుకున్నాను. అంతలో ఫుకన్ భటుడు బల్లెంతో భోదాయ్‌ని పొడిచాడు. అతను పట్టుమూటల మీద ఒరిగిపోయాడు.

పక్క పడవలో జాలుక్ లేచాడు. "నేనూ తొయ్యను." నేను తెడ్డు పైకి తీశాను. రేవంతా తెడ్లు ఆగాయి. జనం నడుంలోతు నీళ్ళలోకి దిగి పడవల్ని చుట్టుముట్టారు. భటులు బల్లేలు వదిలేశారు.

ఫుకన్ గొంతు మారింది. "వెట్టి తీసేస్తా. పొలాలు మీవే."

"రాజ్యం చేతిలో ఉన్నప్పుడు అనాల్సిన మాట," అన్నాడు జాలుక్.

మూటలు నీళ్ళపాలు చేశాం. మా అమ్మనూ, జనంతో పాటు ఫుకన్ పిల్లల్నీ దాటించాం. ఆయన మాత్రం మూటల కోసం నదిలో దేవులాడుతూ ఉండిపోయాడు. ఆఖరి విడత మిగిలుండగానే బర్మావాళ్ళ గుర్రాలు రేవుకొచ్చాయి. అవతలి రెల్లులో నక్కి, ఒడ్డున మిగిలినవాళ్ళ కేకలు విన్నాం. ఆ కేకలు ఆగిన తర్వాతి నిశ్శబ్దమే ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

మర్నాడు బర్మా సర్దారు మనిషి నది ఈదుకుంటూ మా ఒడ్డుకు వచ్చాడు. "ఇక మీ దొర మా సర్దారే. పడవలు తెమ్మన్నాడు. సేన దాటాలి."

భోదాయ్ భార్య లహరి గొడ్డలి తీసుకుని పడవలు కట్టిన చోటికి నడిచింది. మేమంతా వెనకే వెళ్ళాం. పడవ అడుగున మొదటి దెబ్బ ఆమే వేసింది. ఆ తర్వాత ఏ దెబ్బ ఎవరిదో తెలియలేదు.