వైజ్ఞానిక్ క్యా కర్తీ హై

“వందనా, దహీ ఖట్టీ హో గయీ. కాస్త చక్కెర వేసుకో” అంది ఇందుమతి, కూతురి టిఫిన్ డబ్బాలో పులిసిన పెరుగు వేస్తూ.

“ఖట్టీ కాదు, ఖట్టా. ఇన్నేళ్ళు భిలాయిలో ఉండి, పెరుగు ఆడదో మగదో తెల్దేటి నీకు?” స్టీలు ప్లాంటుకి బయల్దేరుతున్న భర్త సురేంద్రనాథ్ పెద్దగా నవ్వాడు.

“ఎమ్మెస్సీ చదివింది గానీ తోడెట్టడం రాదు” అని అత్తగారు వరలక్ష్మమ్మ అందుకుంది.

హిందీలో పెరుగు మగది. తోడు పెట్టేదీ, చలికాలం గిన్నెకి గుడ్డ చుట్టేదీ, పులిస్తే మాట పడేదీ మాత్రం ఇందుమతి. విజయనగరం నుంచి పెళ్ళయి వచ్చిన కొత్తలో తన హిందీకి తనూ వాళ్ళతో కలిసి నవ్వేది. తర్వాత చుట్టాల ముందు అదే కథ, విందుల్లో అదే కథ. ఇప్పుడు హిందీలో నోరు తెరిచే ముందు ప్రతిదాన్నీ ఆడా మగా అని తేల్చుకోవాలి, అది తేలేలోపు మాట గొంతులోనే ఆగిపోతుంది. తెలుగులో ఆడమనిషి వచ్చినా వచ్చిందే, గేదె వచ్చినా వచ్చిందే. దానికి ఇంతవరకూ ఒక్కరూ నవ్వలేదేం? తలుచుకుంటే ఆమెకి ఒళ్ళు మండుతుంది.

అదే ఊళ్ళో రుఆబాంధాలోని బడిలో మూడో తరగతికి సైన్సు చెప్పేది ఇందుమతే. వందనదీ ఆ తరగతే. గేటు దగ్గర ఆ పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“మమ్మీ, ఇవాళ తప్పు మత్ బోల్‌నా, ప్లీజ్. నువ్వు తప్పు మాట్లాడితే అందరూ నన్ను చూసి నవ్వుతారు.”

మొగుడు నవ్వితే సర్దుకుంది. ఈ పిల్ల కూడా తల్లి నోటికి సిగ్గుపడుతూ పెరగాలా?

ఇవాళ్టి పాఠం శాస్త్రవేత్త ఏం చేస్తాడన్నది. మెట్లెక్కుతూ ఆ వాక్యమే వల్లెవేసుకుంది. అయినా బోర్డు మీద చాక్‌పీసు ఆనించగానే చెయ్యి తొందరపడి, చేస్తాడు అనాల్సిన చోట చేస్తుంది అని రాసేసింది: వైజ్ఞానిక్ క్యా కర్తీ హై?

తరగతి గొల్లుమంది. “మేడమ్, కర్తీ నహీ, కర్తా!” వందన డెస్కు మీద తల వాల్చేసింది. ఇందుమతి గబగబా డస్టరు తీసుకుని ఆ ఒక్క మాటా తుడిచేసింది.

“కర్తా ఎందుకు?” అంది, నవ్వు ఆపడానికి.

“వైజ్ఞానిక్ ఆద్మీ హోతా హై, మేడమ్” అంది ముందు బెంచీ రోహిణి, శాస్త్రవేత్త అంటే మగాడేనన్నట్టు.

“నువ్వు ఎంతమందిని చూశావు?”

రోహిణి ఆలోచించింది. “ఏక్ భీ నహీ.”

“మరి చూడకుండా ఎలా తెలిసింది?”

ఎవరూ నవ్వలేదు. అందరూ తెలుసనుకునేదాన్ని పట్టుకుని, ఎలా తెలిసింది అని అడగడమే శాస్త్రవేత్త చేసే మొదటి పని అని చెప్పింది ఇందుమతి. చెబుతుంటే, తను చదువుకున్న ఫిజిక్స్ ల్యాబు కళ్ళముందు మెదిలింది.

వందన తలెత్తింది. “తో ఫిర్ అక్కడ ఏం రాయాలి, మమ్మీ?” తరగతిలో ఆ పిల్ల ఎప్పుడూ మమ్మీ అని పిలవదు.

తుడిచిన చోట, ఇంకాస్త పెద్ద అక్షరాలతో, ఇందుమతి మళ్ళీ కర్తీ అనే రాసింది. ఈసారి చెయ్యి తొందరపడలేదు.