ఆరేళ్లు చూడని ముఖం

డ్రాయింగు టీచరు కావాలని నీకెందుకు బుద్ధి పుట్టిందని మా బడిలోని శ్యామలమ్మ టీచరు అడిగినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. బొమ్మలంటే ఇష్టమని చెప్పి ఊరుకుంటాను. శుద్ధ అబద్ధం. ఆ రోజుల్లో నాకు దేని మీదా ఇష్టం లేదు.

అరవై రెండులో మా ఆయన ముత్యం పోయాడు. ఎడపల్లి నుంచి బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలుకుపోతుంటే కాలువ గట్టు దగ్గర బండి తిరగబడింది. నాకు ఇరవై రెండేళ్లు. కాపురానికొచ్చి ఆరేళ్లు. ఏడుపు రాలేదు. గాజులు పగలగొడుతుంటే ఇంకా ఎన్ని ఉన్నాయోనని చూస్తూ కూర్చున్నాను. "గిదేం ఆడిదే, కండ్ల నీళ్లే లేవు" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. అననీ.

ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. నెల మాసికానికి ముందు మా అత్త భూమవ్వ నన్ను వెంటబెట్టుకుని నిజామాబాద్ వచ్చింది. ఆనవాళ్లు చెబితే బొమ్మ గీసే పెయింటర్ బాపురావు దుకాణం స్టేషన్ దగ్గర ఉండేది. ఆయన పెన్సిల్ చెక్కుకుని నా వైపు తిరిగాడు.

"చెప్పు బిడ్డా, కనుబొమ్మలు కలిసి ఉండెనా, ఎడంగ ఉండెనా?"

నాకు తెలియదు.

"ముక్కు ఎట్ల ఉండె?"

అదీ తెలియదు. మీసం ఉండేదని మాత్రం తెలుసు.

"ఆరేండ్లు ఏం జేసినవమ్మా?" అని ఆయన అత్త వైపు జరిగాడు.

ఏం చేశానా? తల దించుకున్నాను. పెద్దల ముందు మొగుడి ముఖంలోకి చూస్తే సిగ్గులేనిదంటారు. అన్నం వడ్డిస్తూ కంచం చూశాను. రాత్రి కిరసనాయిలు దండగని అత్త చెప్పకముందే దీపం ఆర్పేదాన్ని. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఆయన కోడి కూయకముందే బండి కట్టేవాడు. మంచి కోడలినని ఊరంతా మెచ్చుకున్నారు లెండి.

అత్త గడగడా చెప్పింది. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ, చిన్నప్పుడు గడప మీద పడితే గదుమకు అయిన గాటు. ఆమె చెప్పినకొద్దీ నాకు కోపం పెరిగింది. ఎవరి మీదో తెలియదు.

పటం వచ్చింది. "నా కొడుకే" అని అత్త దాన్ని పట్టుకుని ఏడ్చింది. నేను బొట్టు పెట్టి, దండ వేసి, దండం పెట్టాను. పటంలో ఉన్నది ఎవరో మగమనిషి. అంగట్లో ఎదురైతే పక్కకు తప్పుకునేదాన్ని. మరి నాకంటూ ఆయనది ఏం మిగిలిందని వెతుక్కున్నాను.

పాదాలు మిగిలాయి. దించిన తలకు కనబడేవి అవే కదా. ఓ మధ్యాహ్నం బొగ్గు ముక్కతో వంటింటి నేల మీద గీశాను. పగిలిన మడమలు, బొటనవేలి కంటే పొడుగైన పక్కవేలు, చెరకాకు కోసిన గాట్లు. అత్త వచ్చి చూసింది. మర్నాడు పేడతో ఇల్లంతా అలికింది, ఆ మూరెడు చోటు తప్ప.

వారం తిరక్కుండా ఆమే అడిగింది. "సత్తవ్వా, గా పెయింటర్ దగ్గర నేర్సుకుంటవా?"

"నేర్సుకుంట."

ఏడో తరగతి వరకు చదివి ఉన్నాను. బాపురావు దగ్గర కూర్చుని డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు పాసయ్యాను. అరవై తొమ్మిదిలో ఆడపిల్లల బడిలో ఉద్యోగం దొరికింది.

మొదటి రోజు పిల్లల్ని పెన్సిల్ ముట్టనివ్వలేదు. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, గంట కొట్టేదాకా ఒకరి ముఖం ఒకరు చూడమన్నాను. కిసకిసా నవ్వారు. అంజవ్వ అనే పిల్ల మాత్రం గోళ్లు గీరుకుంటూ కూర్చుంది. వచ్చే ఎండాకాలం దాని పెళ్లి.

"తలెత్తు" అన్నాను.

"సిగ్గయితుంది టీచర్. మనిషి మొఖం గంతసేపు సూస్తె తప్పు గాదా?"

"తప్పనే నేను ఆరేండ్లు సూడలే" అన్నాను. "సచ్చిపోయిండు."

ఎవరూ నవ్వలేదు. అంజవ్వ మెల్లగా తలెత్తి నా ముఖంలోకి చూసింది. ఏడేళ్లకు నాకు ఏడుపొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆ పిల్లను చూడనిచ్చాను.