ఎవరూ వండనిది

మా అత్తగారికి ఎడమచెవి సెలవులో ఉంది, కుడిచెవి పార్ట్‌టైమ్ పనిచేస్తుంది. నేను పెరట్లో ఏం చేస్తున్నానని ఆవిడ అడిగితే, ఆ పార్ట్‌టైమ్ చెవికి అందేలా గుమ్మంలోంచి అరిచాను: "కంపోస్టు అత్తయ్యా, కంపోస్టు!" ముందు సగం గాలికి పోయి వెనక సగమే ఆవిడకి అందింది. సాయంత్రానికల్లా నాకు పెద్ద పోస్టు వచ్చిందన్న వార్త ఫోన్లమీద చుట్టాలందరినీ చుట్టేసింది. మా ఆడపడుచు ఫోన్ చేసి, "ఎంత గుంభనం వదినా! అన్నయ్యదానికన్నా పెద్ద పోస్టా?" అంది. అన్నయ్యగారు పక్కనే టీవీ చూస్తున్నారు. ఆయన చెవులు రెండూ ఫుల్‌టైమ్.

"ఏ పోస్టు?" అన్నారు టీవీ ఆపి. ఇన్నేళ్ల కాపురంలో నా ఆఫీసు గురించి టీవీ ఆపి మరీ అడిగిన మొదటి ప్రశ్న అదే.

"పోస్టు కాదండీ, కంపోస్టు. ఆకులూ కొమ్మలూ కుప్పేసి ఎరువు చేస్తున్నాను."

ఆయన మొహంలోకి మళ్లీ రక్తం వచ్చింది. "అదా! కంపు నీది, పోస్టు నాది. సరిపోయింది" అని తన జోకుకి తనే పగలబడి నవ్వారు. మాటలు విరిచి మళ్లీ అతికించడం ఈ ఇంట్లో నా పేరు మీదున్న ఒకే ఒక్క ఆస్తి. దాన్ని కూడా కబ్జా చేశారే అనుకున్నాను. కానీ అసలు కబ్జా సంగతి ఆ తర్వాత వాక్యంలో ఉంది. "శనివారం మేస్త్రీ వస్తున్నాడు. పెరట్లో ఆ మూలంతా సిమెంటు చేయిస్తున్నా, రెండో కారుకి. ఈలోగా నీ చెత్త తీసెయ్."

తీసెయ్. పెళ్లయిన కొత్తలో నా కుట్టుమిషను గురించి అన్న మాట కూడా ఇదే. అప్పుడు తీసేశాను. అది తీసెయ్యమన్న గదిలో ఆయన వ్యాయామం సైకిలొచ్చింది, ఇప్పుడు దానిమీద తువ్వాళ్లు ఆరేస్తున్నాం. ఎరువు అంటే పాత మాటల్లో అడిగి తెచ్చుకున్న వస్తువు అని కూడా అర్థం. ఆ లెక్కన ఈ ఇంట్లో నా వంటగది ఎరువు. ఆయన పాత ఫైళ్లు రెండు అరలు తినేసిన నా అల్మరా ఎరువు. ఈ మూల మాత్రం ఎవరూ అడగని చోటు కదా, దీన్ని వదిలేస్తారులే అనుకున్నాను.

ఆ మూలకి నేనెలా చేరానో చెప్పాలి. ఇంటి ముందు కంచెమొక్కల్ని ఆదివారాలు ఆయన కరెంటు కత్తెరతో కత్తిరిస్తారు. దారినపోయేవాళ్లు ఆగి, "ఎంత బాగా చేశారండీ" అంటారు. కత్తిరించడం దాకా ఆయన కళ, కింద పడ్డ దగ్గర్నుంచీ నా కర్మ. ఊడ్చి, సంచుల్లో కుక్కి, గీరుకున్న చేతులతో చెత్తబండి దాకా మోసేది నేను. మా ఆఫీసులో పక్కసీటావిడ ఇల్లు మారుతూ, కొమ్మలు తరిగే మిషను నాకిచ్చేసింది. ఇటునుంచి కొమ్మ పెడితే అటునుంచి ముక్కలు ఊస్తుంది. ఇంత నిజాయితీగా నమిలే నోటిని నేను మా సెక్షన్లో చూళ్లేదు. "ఇంట్లో తరగడం చాల్లేదా నీకు?" అన్నారాయన. కూరలు తరిగి తరిగి ఇన్నాళ్లూ తరగనిది పని, తరిగింది నేను. ఇక్కడ మాత్రం తరిగినకొద్దీ ఒకటి పెరుగుతోంది.

మొదటిసారి తప్పు చేశాను. అచ్చంగా పచ్చిగడ్డే పోశాను. అది బురదై, ఇరుగూ పొరుగూ ముక్కులు మూసుకున్నారు. పచ్చిదానికి జోడుగా ఎండుది పడాలనీ, మధ్యలో గాలి ఆడాలనీ అప్పుడు తెలుసుకున్నాను. ఎండుటాకులు చాల్లేదు. మా ఆఫీసులో కాలం తీరిన కాగితాలని మిషన్లో వేసి పీలికలు చెయ్యడం నా పనే. నోట్ నేను రాస్తాను, సంతకం సారు పెడతారు, మెచ్చుకోలు సారుకి వెళ్తుంది, పీలికలు నా కాళ్ల దగ్గర మిగుల్తాయి. "పట్టుకెళ్లనా సార్?" అంటే, "చెత్తేగా మేడమ్, మీ ఇష్టం" అన్నారు. మా ఆఫీసు చరిత్రలో నా ఇష్టానికి మంజూరు దొరికింది అప్పుడే. నేను రాసిన నోట్లు కొమ్మల ముక్కలతో, గడ్డితో, కూరగాయల తొక్కలతో కలిసి నా నడుమెత్తు కుప్పయ్యాయి. "తగు చర్య నిమిత్తం" అని ఎన్నిసార్లు రాశానో! ఎవరూ తీసుకోని ఆ చర్య పురుగులు తీసుకోవడం మొదలుపెట్టాయి.

మేస్త్రీ వస్తాడన్న ఆ వారమే చలి ముదిరింది. ఓ పొద్దున్న కుప్పని తిరగెయ్యడానికి వెళ్లాను. పార పక్కన పెట్టి, తడి ఎలా ఉందో చూద్దామని చెయ్యి లోపలికి పెట్టాను. ఠక్కున లాగేసుకున్నాను. వేడి! మళ్లీ పెట్టాను, ఈసారి మెల్లిగా. పైన మంచుకి తడిసిన ఆకు, బెత్తెడు లోపల గోరువెచ్చన, మోచెయ్యి దాకా వెళ్తే నిలవలేనంత వేడి. ఈ అరచెయ్యి ఈ ఇంట్లో అందరి నుదుళ్ల మీదా జ్వరం చూసింది. పాలగిన్నెలు చూసింది, ఇస్త్రీపెట్టెలు చూసింది. ఆ వేడి ప్రతిదాని వెనకా నేనున్నాను, ఎవరో వెలిగించమంటే వెలిగించినదాన్ని, పొంగకుండా కాపలా కాసినదాన్ని. దీని కింద పొయ్యి లేదు, దీనికి స్విచ్చి లేదు. కంటికి ఆనని ఏ ప్రాణులో లక్షలుగా చేరి, ఎవరూ చెప్పకుండా, ఎవరికీ వడ్డించకుండా, తమ ఆకలికి తాము తింటున్నాయి. ఆ తినడంలోంచి ఈ వేడి పుడుతోంది. నేను వండకుండా ఈ ఇంట్లో ఉడుకుతున్నది ఇదొక్కటే అనిపించింది. చెయ్యి కాస్త వెనక్కి తీసి, ఎంతోసేపు అలా మణికట్టు దాకా ఆ వేడిలో ఉండిపోయాను, ఎవరో పెద్దవాళ్లు నా చెయ్యి పట్టుకున్నట్టు.

లోపలికొచ్చి ఆయనతో, "ఏమండీ, ఆ కుప్ప లోపల ఎంత వేడిగా ఉందో తెలుసా! ఒక్కసారి రండి" అన్నాను.

"గీజరు ఆపావా?" అన్నారాయన.

శనివారం వచ్చేసింది. నేను కుప్ప తియ్యలేదు. తియ్యనని చెప్పలేదు కూడా. కాదనే మాటని ఎక్కడ దాచుకున్నానో నాకే దొరకలేదు. కాఫీ కలుపుతుంటే పెరట్లోంచి ఆయన గొంతు వినిపించింది. "మేస్త్రీ, ముందు ఈ చెత్త లాగి అవతల పడెయ్."

పార దిగిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే, "సార్! పొగ సార్! లోపల నిప్పుంది!"

"నిప్పా? నే చెప్తూనే ఉన్నా! పైపు, పైపు ఎక్కడ? ఏమేవ్! ఇల్లు తగలబెడతావా ఏంటి?"

చెంచా చేత్తోనే పరిగెత్తాను. చీలిన కుప్పలోంచి చలిగాల్లోకి తెల్లగా, ఒత్తుగా, సుడులు తిరుగుతూ లేస్తోంది. ఆయన పైపు ఈడ్చుకొస్తున్నారు. పక్కింటాయన గోడమీదకి తల పెట్టి, "ఫైరింజనుకి ఫోన్ చెయ్యమంటారా?" అంటున్నాడు. అన్ని నీళ్లు ఒక్కసారి పడితే లోపలున్నవి ఊపిరాడక చస్తాయి. ఇంకేం ఆలోచించలేదు, కుప్పకి అడ్డంగా నిలబడ్డాను. నీళ్లు ధారగా నా ఛాతీకి తగిలాయి.

"తప్పుకో!"

"తప్పుకోను."

మాట దొరికింది. ఇంత చిన్నదా అనిపించింది. ఆయన పైపు దించారు. నేను నిలువునా తడిసి వణుకుతున్నా, వెన్ను మాత్రం వెచ్చగా ఉంది. వెనకనుంచి ఆవిరి తగులుతోంది.

గోల ఏ చెవిన పడిందో, అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చారు. "ఏవిటే అమ్మాయ్ అది, పొగా?"

ఆవిడ చెయ్యి తీసుకుని, చీలికలో మెల్లిగా పెట్టాను. ఏళ్ల తరబడి ఇదే ఇంటి పొయ్యి ముందు కాగి, మచ్చలుపడ్డ చెయ్యి అది. ఆవిడ ఉలిక్కిపడ్డారు గానీ వెనక్కి తీసుకోలేదు.

"ఎవరు రాజేశారు?"

"ఎవరూ రాజెయ్యలేదు అత్తయ్యా."

"మరి వండుతున్నదెవరే?"

"ఎవరూ వండటం లేదు."

"ఎవరూ వండకుండానే!" అన్నారు. రెండో చెయ్యి కూడా లోపల పెట్టి కళ్లు మూసుకున్నారు. తల్లిని ఇలా చూడటం ఆయనకి అలవాటు లేదు, పైపు చివరినుంచి నీళ్లు తన చెప్పుల్లోకే పోతున్నా చూసుకోలేదు. మేస్త్రీ కూడా వంగి ఓ వేలు పెట్టి, "అబ్బో!" అన్నాడు.

నేను గొంతు పెంచాను. గోడమీది తలకీ, మేస్త్రీకీ, ఆయనకీ, అత్తగారి పార్ట్‌టైమ్ చెవికీ అందరికీ అందేలా చెప్పాను. "నిప్పు లేదు, పొగా కాదు. అది ఆవిరి. లోపల కంటికి ఆనని ప్రాణులు మనం పారేసినవి తింటున్నాయి. ఆ వేడి వాటిది. నేను చేసిందల్లా తరిగి, కలిపి, గాలి తగలనివ్వడం. వాటిమీద సిమెంటు పోస్తే చస్తాయి, అందుకని ఇక్కడ సిమెంటు పొయ్యరు."

"మరి రెండో కారు?" అన్నారాయన, అడుగుతున్నట్టుగా.

"వీధిలో ఉంటుందండీ. దానికి ఊపిరి అక్కర్లేదు."